ఏడో చందమామ చూడడానికి వచ్చిన పెళ్లికొడుకు

నత్తలపాడులో గవర్రాజు ఇంటివాళ్ళకి తమ తెలివి మీద గట్టి నమ్మకం. ఊరికి వెళ్ళేటప్పుడు తాళంచెవి దొంగల చేతికి చిక్కకూడదని దాన్ని ఇంట్లోనే దాచి, బయట తాళం నొక్కి వెళ్ళేంత ముందుచూపు వాళ్ళది. మా ఇంట్లో ఏ మాటైనా ఒక్కసారి చెబితే చాలని గవర్రాజు అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో అంటూ ఉండేవాడు. అది నిజమే. చెప్పిన మాటను వాళ్ళు చెప్పినట్టే చేస్తారు. వచ్చిన చిక్కంతా అదే.

గవర్రాజు, భార్య పేరంటాలు, తమ్ముడు అబ్బులు, కూతురు తాయారు. నలుగురిలో తాయారుకొక్కదానికే కాస్త బుర్ర ఉంది. కాకినాడలో నర్సింగు చదివే రోజుల్లో ఆ పిల్ల ఒక జపాను బొమ్మల కథ మరిగింది. అనిమే అంటారు. దాని పేరు 'ఏడో చందమామ'. భూమి చచ్చిపోతుంటే జనమంతా ఒక పెద్ద ఓడెక్కి ఆకాశంలోకి పోతారు. కొండంత ఇనుప మనుషుల కడుపులో కూర్చుని కుర్రాళ్ళు యుద్ధాలు చేస్తారు. ఆ కథ ఒకదానితో అయిపోదు. దాని తర్వాతి కథ, దానికి ముందు జరిగిన కథ, మధ్యలో సినిమాలు. ఇంటికొచ్చాక తాయారు అవన్నీ ఇంట్లోవాళ్ళకి చూపించింది.

ఒకనాడు అబ్బులు పొలం నుంచి ఆలస్యంగా వచ్చి టీవీ ముందు కూర్చోగానే, అప్పటికే చూసేసిన గవర్రాజు వెనక నుంచి, కథలోని తెల్ల ముసుగువాడు హీరోకి అన్నేననీ చివర్లో పోతాడనీ చెప్పేశాడు. తాయారు ఆ పూట అన్నం మానేసింది. ముగ్గురినీ నిలబెట్టి ఒట్టు వేయించుకుంది.

"కొత్తవాళ్ళకి రాబోయేది ముందే చెప్పకూడదు. చూసి వాళ్ళే తెలుసుకోవాలి."

అంతే. ఆ మాట ముగ్గురికీ రక్తంలో ఇంకిపోయింది. నోరు అదుపులో పెట్టుకోవడం మంచి గుణమే. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాళ్ళకి మాత్రం దాన్ని నేర్పకూడదు.

ఇంతలో తాయారుకి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి ఉమాపతి, కాలవ అవతల చినగరువులో పంపుసెట్లు బాగుచేస్తాడు. తల్లిని తాయారు పనిచేసే ఆసుపత్రికి తెచ్చినప్పుడు తాయారును చూశాడు. తాయారూ అతన్ని చూసింది. ఇద్దరికీ మనసు కుదిరింది. అయితే తాయారు ఒక్క మాట అంది. తనని నవ్వించేదీ ఏడిపించేదీ ఆ కథేననీ, అదేమిటో తెలియకుండా తనని చేసుకోవద్దనీ, ఇంటికొచ్చి రెండు భాగాలు చూసి వెళ్ళమనీ చెప్పింది. ఉమాపతి ఆదివారం వస్తానన్నాడు.

ఆ ఆదివారమే తాయారుకి డ్యూటీ పడింది. తను వచ్చేలోగా అబ్బాయికి ఆ కథ మీద ఆసక్తి కలిగించమని, ఒట్టు మాత్రం మరవొద్దని ఇంట్లో చెప్పింది. "ఈ సంబంధం తప్పిపోతే నేను మళ్ళీ పెళ్లిచూపులకి కూర్చోను నాన్నా" అని కూడా చెప్పి వెళ్ళింది.

ఉమాపతి ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. కథ బాగుంటుందా అని తనే అడిగాడు. చాలా బాగుంటుందన్నాడు గవర్రాజు. ఎందుకు బాగుంటుందంటే అది చెప్పకూడదన్నాడు. పేరేమిటంటే మొదట్లోనే వస్తుంది, చూసుకోమన్నాడు. ఎన్ని భాగాలని అడిగితే పేరంటాలు అడ్డుపడి, అది చెబితే ఎప్పుడు అయిపోతుందో తెలిసిపోదా బాబూ అంది. ఉమాపతి తల గోక్కున్నాడు.

అబ్బులు కుర్చీ తెచ్చి వేశాడు. దానికి ఒక కాలు విరిగి ఉంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. తెలిసే, ముగ్గురూ ఎదురుగా నిలబడి ఆత్రంగా చూశారు. ఇంకేముంది, ఉమాపతి వెల్లకిలా పడ్డాడు.

"కాలు విరిగిందని మీకు తెలీదా అండీ?"

"తెలుసు బాబూ" అన్నాడు అబ్బులు. "ముందే చెబితే మజా ఏముంది?"

పేరంటాలు బజ్జీలు తెచ్చింది. అరటికాయవా, మిరపకాయవా అని అతను భయంభయంగా అడిగాడు. కొరికితే నీకే తెలుస్తుంది నాయనా అంది. కొరికాడు. కళ్ళ నీళ్ళు ధారగా కారాయి. నీళ్ళ కోసం పెరట్లోకి పరుగెత్తాడు. పెరట్లో పేడగుంట మీద వరిగడ్డి పరిచి ఉంది. గవర్రాజు వెనకే వెళ్ళాడు గానీ ఎక్కడ మాట జారిపోతుందోనని రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. అంతే, ఉమాపతి నడుం లోతున దిగిపోయాడు. జేబులో ఫోను కూడా దిగింది. అతను పైకి లేచాడు, ఫోను లేవలేదు.

ఇక అయిపోయిందనుకుని గట్టెక్కాడు పాపం. గట్టు మీద కుక్క ఉంది. గవర్రాజుకి ఆ సంగతీ తెలుసు.

తాయారు వచ్చేసరికి ఉమాపతి అబ్బులు లుంగీ కట్టుకుని, పిక్కకి గుడ్డ చుట్టుకుని చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఎక్కడున్నాయో ఎవరూ చెప్పడం లేదు. తాయారు అంతా విన్నది. గాయం కడిగి మందు రాసి, కుక్కకి సూది వేయించానని, భయం లేదని చెప్పింది. తర్వాత తల వంచుకుని, "రెండు భాగాలు చూసి వెళ్ళండి. ఇంకేమీ అడగను" అంది.

ఉమాపతికి ఆ ఇంట్లో కుర్చీల మీద నమ్మకం పోయింది. గోడకి ఆనుకుని నిలబడే చూశాడు. కాసేపటికి నేల మీద కూర్చున్నాడు. రెండో భాగంలో ఓడ భూమిని వదిలిపోతుంటే ఒక ముసలామె కిటికీ దగ్గర చెయ్యి ఊపింది. అతను లుంగీ చెంగుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తెల్ల ముసుగువాడు మంచివాడేనా అని అడిగాడు. ముగ్గురూ నోళ్ళు మూసుకున్నారు. తాయారు నవ్వింది. "మూడోది పెట్టండి" అన్నాడు ఉమాపతి.

సంబంధం ఖాయమైంది. పంతులు ముహూర్తం చూసి గవర్రాజుకి చెప్పి, మగపెళ్లివారికి కబురు పంపమన్నాడు. ఆ భారం తనదేనన్నాడు గవర్రాజు. ఉమాపతి కొత్త ఫోను పెళ్లికి కొనుక్కుంటానని ఆగాడు కాబట్టి తాయారు అతనితో మాట్లాడే దారి లేదు. శుభలేఖలు కూడా గవర్రాజే అచ్చువేయించాడు. అందులో, మా ఇంట ఒకటి జరగబోతోందనీ, అది ఏమిటో, ఎప్పుడో వచ్చినవారికే తెలుస్తుందనీ, తప్పక రమ్మనీ ఉంది. తాయారు వాటిని చూసింది పెళ్లినాటి ఉదయం. అప్పటికి పందిట్లో సన్నాయివాళ్ళు, వంటవాళ్ళు, పంతులు తప్ప మనిషి లేడు.

పెళ్లికొడుకు ఏడని పంతులు అడిగాడు. చెప్పలేదండీ, అతను మాకు కొత్త కదా అన్నాడు గవర్రాజు.

తాయారు పందిట్లోకి పరుగెత్తుకొచ్చింది. "బాబాయ్, బండి మీద చినగరువు వెళ్ళి రా, తొందరగా" అని అబ్బులును తరిమింది. అబ్బులు వెళ్ళాడు. తొందరగానే వచ్చాడు. ఒక్కడే వచ్చాడు.

"అల్లుడుగారు ఇంట్లోనే ఉన్నారమ్మా. పంపు విప్పుకుని కూర్చున్నారు. నాకు కాఫీ ఇచ్చారు. ముహూర్తం ఎప్పుడు పెట్టారని పాపం మరీ మరీ అడిగారు. నేనేమైనా వెర్రివాడినా? వేళ వస్తే మీకే తెలుస్తుందని చెప్పి వచ్చేశాను."

గవర్రాజు తమ్ముడి భుజం తట్టాడు.

తాయారు ఇక ఆగలేదు. పట్టుచీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, బాసికంతోనే బండెక్కి స్టార్టు చేసింది. ముహూర్తం ఇంకా మించిపోలేదు. వేగంగా వెళితే అందుకోవచ్చు.

"బాబాయ్, వాళ్ళ ఇల్లు ఏ వీధిలో?"

అబ్బులు చప్పున రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఎంత అడిగినా తియ్యలేదు. చివరికి వేళ్ళ సందులోంచి ఒక్క ముక్క అన్నాడు.

"ఆ ఇంటికి నువ్వు కొత్తదానివి కదమ్మా."