నోటి ముందు దీపం

ఒక రాజ్యంలో రాజుగారి చాటింపులు ఎవరికీ అర్థమయ్యేవి కావు.

డప్పు మోగేది, జనం చేరేవారు, చాటింపు వేసేవాడు గొంతు సవరించుకునేవాడు. ఒకసారి ఊరి బావి నీళ్ళు పాడయ్యాయి. కాచుకుని తాగండి అని చెప్పాల్సిన చాటింపు రాజవంశం పుట్టుకతో మొదలై, సూర్యచంద్రుల మీదుగా తిరిగి, ఎక్కడో చివర్లో బావి దగ్గరికి వచ్చింది. జనం దాన్ని రాజుగారి మీద పద్యమనుకున్నారు. చప్పట్లు కొట్టి, ఇళ్ళకు పోయి, ఆ నీళ్ళే తాగి మంచాన పడ్డారు.

అప్పుడు చాటింపులు రాయడానికి ఒక అమ్మాయిని పెట్టుకున్నారు. ఆమె ఏ గురువు దగ్గరా చదవలేదు, కనబడిన రాతనల్లా చూసి తనంతట తనే నేర్చుకుంది. రాసిందాన్ని నోటి ముందు దీపం పెట్టుకుని చదవడం ఆమెకు అలవాటు. వాక్యం సాగినా, మాట బరువెక్కినా ఊపిరి తోసుకొచ్చి దీపం ఆరిపోయేది. ఆరిన చోట వాక్యాన్ని విరిచేది. ఆమె రాసిన మొదటి చాటింపు విని జనం చప్పట్లు కొట్టలేదు. ఇళ్ళకు వెళ్ళి నీళ్ళు కాచుకున్నారు.

రాజు ముచ్చటపడ్డాడు. దీపానికి వెండి పిడి చేయించి, పట్టుకోవడానికి ఒక దీపాధికారిని నియమించాడు. ఇక ఆ రాజ్యంలో ఏ మాటైనా దీపం ముందు నెగ్గాల్సిందే. ఆస్థాన కవి వచ్చి, "రాజు మంచి. రాజు గొప్ప. రాజు రాజు" అని చదివాడు. జ్వాల కదల్లేదు, కవికి శాలువా కప్పారు. పొలం పోయిందని మొరపెట్టుకోవడానికి వచ్చిన ఒకావిడ ఏడుపు ఆపుకోలేక ఉన్నదంతా ఒక్క వాక్యంలో చెప్పేసింది. దీపం ఆరింది. ఆమె బాధ మరీ కఠినంగా ఉందని పంపించేశారు.

నేను తడబడిన చోటు చూపించడానికే ఆ దీపం, ఏం చెప్పాలో అది చెప్పదు అని అమ్మాయి విన్నవించుకోబోయింది. సగంలోనే దీపం ఆరిపోయింది.

ఆ ఏడు వానలు ముంచుకొచ్చాయి. ఎగువ చెరువుకు గండి కొట్టక తప్పదన్నారు. దిగువ పల్లె జనం ముందే గుట్ట ఎక్కాలి. అమ్మాయి పిన్ని ఉండేది కూడా ఆ పల్లెలోనే. వరదొస్తే వాళ్ళు ఎప్పుడూ పడమటి గుట్ట ఎక్కేవారు. ఈసారి అటు వెళ్తే చావే, కొత్తగా పోసిన కరకట్ట నీళ్ళను అటే తిప్పుతుంది. తూర్పు గుట్టకు పోవాలని, ఎందుకు పోవాలో కూడా కలిపి అమ్మాయి రాసింది. దీపం ఆరింది. అధికారి కోసి, కోసి, చివరికి "నీళ్ళొస్తాయి. గుట్ట ఎక్కండి" అన్నదే మిగిల్చాడు. జ్వాల సూదిలా నిలబడింది.

అమ్మాయి చాటింపు వేసేవాడి వెంట నడిచింది. దీపం పట్టుకుని అధికారీ వచ్చాడు. చాటింపు అందరికీ ఇట్టే అర్థమైంది. మూటలు కట్టుకుని పడమటి దారి పట్టారు.

అమ్మాయి దారికి అడ్డంగా నిలబడింది.

"ఏమే, గుట్ట ఎక్కమని నువ్వే రాసి నువ్వే ఆపుతావా?" అంది పిన్ని.

"అటు కాదు పిన్నీ. కొత్త కట్ట నీళ్ళను ఆ గుట్ట చుట్టూ తిప్పుతుంది గనక, ఎక్కితే మళ్ళీ దిగే దారుండదు గనక, తూర్పు గుట్టకు పదండి."

దీపం ఆరింది. అధికారి తప్ప ఎవరూ చూడలేదు. పిన్ని అదే మాటను వెనకవాళ్ళకు ఇంకా సాగదీసి చెప్పింది. మేకలతో సహా అందరూ తూర్పుకు తిరిగారు. మధ్యాహ్నానికి పడమటి గుట్ట నీళ్ళలో తల మాత్రం చూపించింది.

కొలువులో అధికారి జరిగింది చెప్పాడు. దీపం ఆరిన మాట జనానికి అర్థమవడమేమిటని రాజు చాలాసేపు ఆలోచించాడు. దీపం తప్పు చెప్పదు. కాబట్టి ఆ పల్లెవాళ్ళు పండితులై ఉండాలి. ఇకనుంచి వాళ్ళకు పాత పద్ధతిలోనే, పండితులకు తగ్గట్టు చాటించమని ఆజ్ఞ ఇచ్చాడు. రాసే పని ఆస్థాన కవికి అప్పగించాడు.

మళ్ళీ వాన పట్టింది. ఆ పల్లెలో మళ్ళీ డప్పు మోగింది. రాజవంశం పుట్టింది, సూర్యచంద్రులు వచ్చారు. జనం చప్పట్లు కొట్టారు.

పిన్ని కొట్టలేదు. పక్కనే ఉన్న అమ్మాయిని మెల్లగా అడిగింది: "పొగిడారా, తిట్టారా?"

అమ్మాయి వెళ్ళి, చాటింపు వేసేవాడి పక్కన నిలబడ్డ అధికారి చేతిలోంచి ఆరిన దీపం తీసుకుంది.

"అది నోటి ముందు పెట్టేది," అన్నాడతను.

"తెలుసు. పెట్టింది నేనే."

వెలిగించి, తిప్పి, పిన్ని మొహం ముందు పట్టుకుంది. పిన్ని ఊపిరికి జ్వాల కదిలింది. ఆ వెలుగులో పిన్ని మొహాన్నే చూస్తూ, అమ్మాయి చాటింపును మొదటి నుంచి విడమరిచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది.