మహారాజుగారి మోతాదు

ఒకానొక చిన్న రాజ్యాన్ని ప్రచండ భూపాలుడనే చాలా పెద్ద రాజు ఏలుతుండేవాడు. రాజ్యం చిన్నదన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆయనకు నిద్ర పట్టడం లేదు. ఆస్థాన వైద్యుడు పెద్దిభట్టు అశ్వగంధ వేరు దంచి, పలచటి గుడ్డలో వస్త్రగాళం పట్టి, పడుకోబోయే ముందు పాలలో చిటికెడు వేసుకోమన్నాడు.

రాజు మండిపడ్డాడు. "చిటికెడా? మా గుర్రాలవాడికీ చిటికెడే ఇచ్చావట! వాడూ నేనూ ఒకటేనా? నాకు దోసెడు కావాలి."

"మహాప్రభూ, మందు హోదా చూడదు. మోతాదు మించితే వాంతులు, విరేచనాలు, పగలంతా మగత. కాలేయానికే ముప్పు రావచ్చు."

"రేపు మధ్యాహ్నం భోజనమయ్యేసరికి దోసెడు పొడి నా ముందుండాలి. లేదా నువ్వు చెరసాలలో ఉండాలి."

పెద్దిభట్టు చిక్కులో పడ్డాడు. ఇవ్వకపోతే చెర. ఇస్తే రాజు మంచాన పడతాడు, అప్పుడు పోయేది తన తలే. దిక్కుతోచక చెన్నసాని దగ్గరికి పరుగెత్తాడు. రాజుకు తాంబూలం చుట్టి అందించడం ఆమె కొలువు. ఆయన్ను నవ్వించి బతికి బయటపడటం ఆమె విద్య.

"పొడి పట్టుకురండి భట్టుగారూ. మిగతాది నేను చూసుకుంటాను" అందామె.

మర్నాడు భోజనం ముగించి రాజు సభలో కూర్చున్నాడు. పొడి గిన్నె వచ్చింది. రాజు అలవాటు ప్రకారం ముందు తాంబూలానికి చెయ్యి చాచాడు.

"చెన్నసానీ! ఇందులో ఆకేదీ?"

"సున్నం కింద ఉంది ప్రభూ."

"ఇంత సున్నమా? నోరు పొక్కిపోదూ!"

"గోటితో రాసినంత సున్నం గుర్రాలవాడూ వేసుకుంటాడు. దొరవారికీ అంతే రాసి ఇన్నాళ్లూ అవమానించాను. క్షమించాలి."

"నోటికి హోదా ఏమిటే? సున్నం ఎక్కువైతే ఎవరి నోరైనా కాలుతుంది!"

"అలాగా! దొరవారి నోరు మామూలు నోరేనన్నమాట. మరి దాని కిందున్న పొట్ట ఒక్కటీ కిరీటం పెట్టుకుందా ప్రభూ?"

సభ బిగుసుకుపోయింది. భటుడి చెయ్యి కత్తి మీదికి పోయింది. చెన్నసాని మాత్రం తాంబూలం పట్టుకుని చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

రాజు సున్నం వైపు చూశాడు. గిన్నె వైపు చూశాడు. తలవంచి తన పొట్ట వైపు చూసుకున్నాడు. పకపకా నవ్వాడు. ఆయన నవ్వాక గానీ తమకూ నవ్వొచ్చిందని సభికులకు తెలియలేదు.

మెడలోని ముత్యాల హారం తీసి చెన్నసానికి ఇచ్చి, వైద్యుడి వైపు తిరిగాడు.

"ఆ గిన్నె తీసెయ్ భట్టూ. చిటికెడే వేసుకుంటాను. ఇంతకీ ఎవరి చిటికెడు?"

పెద్దిభట్టు రాజుగారి వేళ్ల లావు చూశాడు.

"నాది ప్రభూ" అన్నాడు.