అడుగు ఇసుక

యాసీన్ చెడ్డవాడు కాదు. అబద్ధమంటే గిట్టదు, మురికంటే అసలే గిట్టదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

భీమిలి సముద్రం ఒడ్డున, సూఫీ గురువు మీరా బాబా దగ్గర చదువుకునే శిష్యుల్లో అతనొకడు. వాళ్లందరికీ వండిపెట్టేది దస్తగిరి. ఈ దస్తగిరి పడుచు వయసులో సొంత అన్నని కత్తితో పొడిచి జైలుకు పోయొచ్చాడని యాసీన్ చెవిన పడింది. ఇంకేముంది! శుక్రవారం భోజనాల దగ్గర అందరి ముందూ బయటపెట్టేశాడు. దస్తగిరి గరిటె పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, తువ్వాలు భుజానేసుకుని వెళ్లిపోయాడు.

"నేను చెప్పింది నిజమే కదా బాబా? మురికి తెలిశాక కూడా ఉండనివ్వాలా?" అని యాసీన్ గురువునే నిలదీశాడు.

"దస్తగిరి చేసే పని ఇంకోటుంది బేటా. ఆ చేపల తొట్టె ఇక నువ్వు చూసుకో. ఇసుక మీద పైపైన చెత్త తీస్తే చాలు," అన్నారు బాబా.

అది గాజు తొట్టె. నిండా సముద్రపు నీళ్లు, అడుగున జానెడు మందాన ఇసుక. ఆ ఇసుకలో కాలు దిగేసుకుని ఒక అనిమోన్ బతుకుతుండేది. సముద్రపు పువ్వంటారు గాని, అదీ ప్రాణే. దాని రేకుల మధ్య రెండు నారింజరంగు చేపలు కాపురముండేవి.

యాసీన్ వంగి గాజు పక్కనుంచి చూశాడు. పైన తెల్లగా ఉన్న ఇసుక, అడుగున బొగ్గులా ఉంది.

"హవ్వ! ఇన్నాళ్లూ ఆయన చేసిన శుభ్రం ఇదా!"

మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగంటా కెలికేశాడు. గుప్పున కుళ్లిన గుడ్ల కంపు కొట్టి, ఆ నలుపంతా నీళ్లలో కలిసింది. అయినా ఆగలేదు మహానుభావుడు. ఇసుకంతా ఎత్తి, సముద్రంలో జాడించి, మల్లెపువ్వులా చేసి తెచ్చి పోశాడు.

సాయంత్రానికి చేపలు వెల్లకిలా తేలాయి. అనిమోన్ పిండేసిన గుడ్డలా ముడుచుకుపోయి, ఇసుక వదిలేసింది.

యాసీన్ ఏడుస్తూ పరిగెత్తాడు. "అడుగున అంత విషముందని మీకు తెలుసా బాబా?"

"తెలుసు. దస్తగిరి కూడా, వచ్చిన రోజే తన సంగతంతా నాకు చెప్పాడు."

యాసీన్ ఊళ్లన్నీ గాలించి, చివరికి విశాఖలో చేపల రేవు దగ్గర ఐసు కొడుతున్న దస్తగిరిని పట్టుకున్నాడు. "తప్పయిపోయింది భాయ్, రా. నీ కాళ్లు పట్టుకుంటా."

"నీ మీద కోపం లేదు తమ్ముడూ," అన్నాడు దస్తగిరి, తలెత్తకుండానే. "కానీ ఇప్పుడు నేను అన్నం వడ్డిస్తుంటే అందరూ నా చేతులకేసే చూస్తారు. ఆ ముద్ద మీకూ దిగదు, నాకూ దిగదు."

యాసీన్ ఒంటరిగా తిరిగొచ్చాడు. ప్రాణమన్నది లేని ఆ తొట్టెను బాబా పారెయ్యలేదు. కొత్త నీళ్లు పోయించి, వాకిట్లోకి జరిపించారు. ఆ రోజు దర్శనానికొచ్చిన ఒక పెద్దాయన దాని ముందు ఆగిపోయాడు.

"అబ్బ, ఇసుక ఎంత తెల్లగా ఉందండీ! ఎవరు చేశారు శుభ్రం?"

బాబా యాసీన్ వైపు తిరిగారు.

"చెప్పు బేటా."