పల్లకిలో పూర్తి వాక్యం

ఆస్థాన పండితుడు నరహరి అవధానికి పల్లకి ఎక్కడం ఇష్టమే గానీ, మోసే బోయీల "ఓహోం, ఓహోం" మాత్రం సుతరామూ గిట్టదు.

"అర్థం లేని ఆ కూతలేమిట్రా? ఇకమీదట నోరు విప్పితే పూర్తి వాక్యం రావాలి. లేదంటే రాజుగారితో చెప్పి మీ కొలువు ఊడబీకిస్తాను" అన్నాడు.

ముందు మోసే ఓబులేసు గతుక్కుమన్నాడు. వెనకవాళ్లకి దారి కనబడదు, ముందువాడి కూతే వాళ్లకి కళ్లు. అయినా "చిత్తం" అన్నాడు.

వాగు దగ్గర గుంత కనబడింది. ఓబులేసు తను తప్పుకుని, నడక ఆపకుండా మొదలుపెట్టాడు. "వెనక వస్తున్న అన్నలారా, మన దారికి ఎడమపక్కన, నిన్నటి వానకి కోసుకుపోయిన మోకాటిలోతు గుంత ఒకటి..."

వాక్యం ముగిసేలోగా వెనకవాళ్లు గుంతలో దిగారు. పల్లకి ఒరిగింది. అవధాని బురదలోకి జారి "అమ్మో" అన్నాడు.

ఓబులేసు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "వింటున్నాం సామీ. మిగతా వాక్యం కూడా సెలవిస్తే లేవదీస్తాం."

అవధాని నడుం పట్టుకుని లేవబోయి మళ్లీ కూలబడ్డాడు.

"చెప్పాల్సిందంతా అందులోనే ఉంది గదరా" అని గొణిగాడు.

"మాదీ అంతే సామీ" అంటూ ఓబులేసు చెయ్యి అందించాడు.