హద్దురాయి దగ్గర ఆగే దీపం

నల్లమల అంచున, వాగు మలుపులో ఉన్న సోమరాశి మఠానికి వచ్చే భక్తులకు మొదట ఒక మనవి. సాయంత్రం బస్సు అందుకోవాలనే తొందర పెట్టుకోకండి. బస్సు వెళ్లాకే ఇక్కడ దీపం బయలుదేరుతుంది. ప్రాకారం లోపల మహారాణి గౌరసాని సమాధి ఉంది. ద్వారం ముందున్న హద్దురాయికి అవతల, కప్పు కూడా లేకుండా, కామయదేవ మహారాజు సమాధి ఉంది. భార్య లోపల, భర్త బయట ఎందుకని అందరూ అడుగుతారు. మెట్ల దగ్గర కొబ్బరికాయలు అమ్మేవారు తలా ఒక కథ చెబుతారు. మఠంలో పెద్దలు చెబుతూ వచ్చిన కథ ఇది.

పూర్వం ఈ సీమను పోతభూపుడు ఏలేవాడు. ఆయన ఒక్కగానొక్క కొడుకు కామయదేవుడు. సేనకు ముందు దివిటీ పట్టి నడిచే గుండయ కూతురు గౌరసానికి మనసిచ్చి, ఈ మఠంలోనే శివుని సాక్షిగా పెళ్లాడాడు. పొరుగు రాజుతో వియ్యమందాలని చూస్తున్న తండ్రికి ఒంటికి కారం రాసినట్లయింది. ఆయన కోడలిని బతకనివ్వడని తెలిసి, కామయదేవుడు ఆమెను మఠాధిపతి సోమరాశి పండితులకు అప్పగించాడు. హద్దురాయి లోపల ఉన్నవారిపై రాజైనా చెయ్యి వేయరాదన్నది ఆనాటి కట్టుబాటు.

తండ్రి అతణ్ణి ఒక్కచోట నిలవనివ్వలేదు. ఈ సరిహద్దు నుంచి ఆ సరిహద్దుకు తిప్పుతూనే ఉన్నాడు. వీలు చిక్కినప్పుడల్లా అతడు గుర్రం మీద వచ్చి వాగు మలుపులో కొమ్ముబూర ఊదేవాడు. అది వినగానే గౌరసాని దీపం పట్టుకుని హద్దురాయి దాటి ఎదురువెళ్లేది. దివిటీ పట్టేవారి ఇంటిపిల్ల, చీకట్లో వచ్చే మనిషి కోసం గుమ్మంలో నిలబడి ఉండడం ఆమెకు చేతకాదు. అతడు రాని రోజుల్లో ఆమెకు కాలు నిలిచేది కాదు. గాలి చప్పుడుకు కూడా లేచి వాకిట్లోకి వచ్చేది.

ఆ సంగతి పోతభూపుడి చెవిన పడింది. ఒక సంధ్యవేళ మలుపులో బూర మోగింది. ప్రమిద కోసం తడుముకుంటున్న ఆమెకు సోమరాశి పండితులే దీపం వెలిగించి చేతికిచ్చారు. "వెళ్లు తల్లీ, చాలా రోజులకు వచ్చాడు" అన్నారు. ఆమె పరుగున వెళ్లింది. బూర ఊదినవాడు పెద్దరాజు కొలువువాడు. వాడి వెనుక కత్తులు పట్టినవారున్నారు.

ఆడవారికి మఠంలో సమాధి ఇచ్చే ఆచారం అప్పట్లో లేదు. పండితులు ఎవరినీ అడగలేదు. శైవుల పద్ధతిలో ఆమెను కూర్చోబెట్టి ప్రాకారం లోపలే సమాధి చేయించారు. ఆనాటి నుంచి ఆయనకు కంటి మీద కునుకు లేదు.

ఏడాది తిరగకముందే పోతభూపుడు మంచాన పడి కన్నుమూశాడు. కామయదేవుడు పట్టం కట్టుకుని నేరుగా ఇక్కడికే వచ్చి, సామంతులందరిచేత ఆ సమాధికి మహారాణి అని మొక్కించాడు. తరువాత పండితుల ముందు చేతులు కట్టుకుని, "నేను పోయాక ఆమె పక్కన ఇంత చోటివ్వండి స్వామీ" అని వేడుకున్నాడు.

"ఇస్తాను నాయనా. కానీ పగతో ఒక్క ప్రాణం తీసినా ఈ రాయి లోపల నీకు చోటుండదు. ఇది మఠం నియమం."

"ఆమె కోసం ఒక నియమం తప్పారు కదా?"

"తప్పాను. ఆమె ఎవరి ప్రాణమూ తీయలేదు."

రాజు మాట ఇచ్చాడు. దానిమీద నిలబడడానికి ఆయన పడిన అవస్థ అంతా ఇంతా కాదు. గదులు మార్చాడు, కోటలు మార్చాడు, ఎక్కడా కుదురు లేదు. కత్తులు పట్టినవారు ఎప్పుడో దేశం విడిచిపోయారు. ఒక వసంతోత్సవంలో, ఊరేగింపు మధ్య, అదే బూర వినిపించింది. ఊదినవాడిని పట్టి తెచ్చారు. "పెద్దరాజుగారు ఊదమన్నారు, ఊదాను దొరా. ఎందుకో నాకు చెప్పలేదు" అని వాడు కాళ్ల మీద పడ్డాడు. నిజమే చెప్పాడేమో. కత్తి తుడుచుకునేటప్పుడు గానీ రాజుకు తన మాట గుర్తుకు రాలేదు.

మఠానికి వచ్చి, హద్దురాయి బయటే నిలబడి, "చోటు పోగొట్టుకున్నాను స్వామీ" అన్నాడు. పండితులు కంటతడి పెట్టారు గానీ కాదనలేకపోయారు. కొన్నాళ్లకు రాజు మరణించినప్పుడు రాయికి అవతలే సమాధి చేశారు.

ఆ తరువాత గౌరసాని పండితుల కలలోకి వచ్చింది. "ఆయన బయట చీకట్లో ఉన్నారు, నేను వెళ్లాలి. ఆనాడు బూర విని వెళ్లాను. ఈసారి గొంతు విన్నాకే పంపండి" అంది. మరునాటి సంధ్యకు పండితులు వంటసాల చూసే అక్కమ్మకు దీపమిచ్చి, రాయి దగ్గర ఆగి ఎవరని అడగమన్నారు.

"పోయినవారు పలుకుతారా సామీ?" అంది అక్కమ్మ.

పండితులు కర్ర ఊతంతో తామే రాయి దాటి వెళ్లి, రాజు సమాధి పక్కన కూర్చున్నారు. "ఎవరది?" అని అక్కమ్మ అడిగితే, "నేనే గౌరా, వచ్చాను" అని బదులిచ్చారు. అప్పుడు దీపం రాయి దాటింది.

నేటికీ ఈ ఊళ్లో పెళ్లికైనా జాతరకైనా కొమ్ముబూర ఊదరు. ప్రతి సంధ్యకూ భక్తుల్లో ఒకరు గౌరసాని దీపాన్ని రాయి దాకా తెచ్చి, ఆగి, అడుగుతారు. ఎడబాటులో ఉన్నవారు ఈ దీపం పడితే తమవారి కబురు వింటారని నమ్మకం. గాలికి ఆరిపోతే వెనక్కి వెళ్లి మళ్లీ వెలిగించుకుని రావాలి, మళ్లీ అడగాలి. ముసురు రోజుల్లో భక్తులెవరూ రాకపోతే వంటమనిషే దీపం తెస్తుంది. మఠాధిపతి మాత్రం గొడుగు వేసుకునైనా ముందే వెళ్లి బయట కూర్చుంటారు. ఈ పీఠం ఎక్కేవారికి మంత్రాల కంటే ముందు నేర్పేది ఆ జవాబే: "నేనే గౌరా, వచ్చాను."