గోడ కట్టిన ముక్కు

అనగనగా ఒక అడవిలో ఒక మద్దిచెట్టు, చెట్టుకో తొర్ర, తొర్రకో మట్టిగోడ. ఆ గోడ వెనకాల పైడి ఉండేది.

పైడి కొమ్ముపిట్ట. పొడుగాటి పసుపుపచ్చ ముక్కు, దాని మీద టోపీలాంటి కొమ్ము. కొమ్ముపిట్టల్లో ఒక ఆచారం ఉంది. గుడ్లు పెట్టే ముందు ఆడపిట్ట తొర్రలోకి వెళ్ళి వాకిలి మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం మిగులుతుంది. మొగుడు మేడిపళ్ళు తెచ్చి ఆ సందులోంచి అందిస్తాడు. పాములూ ఉడుములూ లోపలికి రాకుండా ఆ గోడ.

మొగుడు దుబ్బన్న మొదట్లో పూటపూటకీ తెచ్చేవాడు. పిల్లలు పుట్టాక బద్ధకించాడు. నిన్న అసలు రానేలేదు. ఇవాళ పొద్దెక్కినా రెక్కల చప్పుడు లేదు.

"అమ్మా, ఆకలి" అంది పెద్దపిల్ల. చిన్నది అనడం కూడా మానేసింది.

పైడి సందుకు చెవి ఆనించింది. చప్పుడైంది! రెక్కలది కాదు. బెరడు మీద గోళ్ళ గీకుడు. ఉడుము నాలుక సందులోకి వచ్చి, గాలి రుచి చూసి, వెనక్కి పోయింది.

"నాకేం తొందర లేదమ్మా. నువ్వు నీరసపడ్డాకే వస్తాను" అని కింద కొమ్మ మీద పడుకుంది.

అంతలో ఒక జోస్యం చిలుక వచ్చి వాలింది. పంజరంలోంచి తప్పించుకొచ్చిన చిలుక.

"ఎన్ని జాతకాలు తీశాననుకున్నావు! ఆడదాని నుదుట ఎదురుచూపే రాసి ఉంటుంది తల్లీ. ఓపిక పట్టు" అంది.

"మరి నీ నుదుట పంజరం రాసి ఉందిగా, ఎలా వచ్చావు?"

"తలుపు తీసి ఉంది, వచ్చేశా" అని, నాలుక కరుచుకుని ఎగిరిపోయింది.

తర్వాత ముసలి కొండముచ్చు వచ్చాడు, ఏదో నములుతూ.

"పోయిన జన్మలో ఎవరి నోటి కూడో లాక్కుని ఉంటావు. అనుభవించాలి మరి" అన్నాడు.

"చేతిలో ఏంటి తాతా?"

"మేడిపండు."

"పిల్లలు ఆకలికి సోలిపోతున్నారు. ఒక్కటి పడెయ్యి."

"అమ్మో! నీ కర్మకు నేనడ్డమొస్తే ఆ పాపం నాకు చుట్టుకోదూ?" గుటుక్కున మింగి చక్కా పోయాడు.

చివరికి అత్తగారే వచ్చింది.

"మా అత్త కూర్చుంది, నేను కూర్చున్నాను. ఆ గోడ దేవుడు పెట్టింది. దాన్ని పగలగొట్టిన కోడలు మా వంశంలో లేదు" అంది.

"మీ అబ్బాయి ఎక్కడత్తా?"

"మగాడన్నాక నాలుగు చెట్లు తిరుగుతాడు. నీకు చెప్పి వెళ్ళాలా?"

ఆవిడా వెళ్ళిపోయింది. ఒక్క మాట మాత్రం పైడి చెవిలో ఉండిపోయింది. గోడ దేవుడు పెట్టాడా?

పైడి గోడను ముక్కుతో తడిమింది. నిండా గాట్లు. అన్నీ తన ముక్కు గాట్లే! తడిమట్టిని నొక్కింది తనే. అది కూడా బయటి నుంచి కాదు, లోపలి నుంచి.

"పిల్లల కోసం నేనే కట్టాను. పిల్లల కోసం నేనే పగలగొడతాను" అంది.

అందేగానీ ముక్కు ఎత్తి ఆగిపోయింది. పగలగొడితే ఉడుము. ఊరుకుంటే ఆకలి. తొర్రలో కూర్చున్నన్నాళ్ళలో పాత ఈకలు రాలిపోయాయి, కొత్తవి సగమే మొలిచాయి. ఎగరగలదా? చిన్నదాని కళ్ళు మూతలు పడుతున్నాయి.

"పెద్దా, నేను దూకగానే ఈ పెళ్ళలు ఉమ్మితో తడిపి మళ్ళీ గోడ పెట్టు."

"నాకు రాదమ్మా!"

"నాకూ ఎవరూ నేర్పలేదు."

టక్. టక్. టక్. గోడ విరిగింది. ఉడుము పైకి పాకింది. పైడి సరిగ్గా దాని నెత్తి మీదకే దూకి, బలమంతా పెట్టి పొడిచింది. ఉడుము జర్రున చెట్టు మొదలుదాకా జారిపోయింది. మళ్ళీ ఎక్కి వచ్చేసరికి సందు ఎప్పటిలా సన్నగా ఉంది.

సగం రెక్కలతో కొమ్మ మీంచి కొమ్మకు గెంతుతూ, పడుతూ లేస్తూ, పైడి మేడిచెట్టు చేరింది. అక్కడ దుబ్బన్న పొట్ట నిండా తిని కునుకుతున్నాడు.

"అరె, నువ్వా! రేపు వద్దామనుకున్నా. గోడలో ఉన్నావు కదా, ఎక్కడికి పోతావులే అని..."

పైడి అప్పటికే గొంతు నిండా పళ్ళు కుక్కుకుంది. లేకపోతే చాలానే చెప్పేది.

తిరిగొచ్చేసరికి ఉడుము లేదు. గోడ ఉంది. లోపల చప్పుడు మాత్రం లేదు. పైడి గబగబా గోడ దగ్గర వాలింది. సందులోకి ఒక పండు తోసింది. లోపలి నుంచి ఒక ముక్కు అందుకుంది. ఇంకో పండు తోసింది. ఈసారి అందుకున్నది ఇంకా చిన్న ముక్కు.

అప్పుడు వినిపించాయి రెక్కల చప్పుళ్ళు. దుబ్బన్న రెండు పళ్ళు పట్టుకుని సిగ్గుపడుతూ వస్తున్నాడు. పైడి వెనక్కి తిరిగి చూడలేదు.

"అమ్మా, గోడ ఇంకా మందంగా కట్టనా?" అంది పెద్దది.

"వద్దు బంగారూ. నీ ముక్కు పగలగొట్టగలిగినంతే కట్టు."

నీతి: తలరాత అని చెప్పడానికి చాలామందే వస్తారు, ఒక్క పండు తెచ్చేవాళ్ళు ఉండరు. నీ చేతులు కట్టిన గోడను విప్పాల్సిందీ నీ చేతులే.