ఇంటి నడుమ స్తంభం

అనగనగనగా, నువ్వు పడుకున్న ఈ పెంకుటింట్లోనే, నాలాంటి బలశాలి జిల్లాలో ఇంకొకతె లేని రోజుల్లో, మీ అమ్మ ఉయ్యాల్లో పిల్ల. హాలు నడుమ స్తంభం, స్తంభం మీద దూలం, దూలానికి ఉయ్యాల. అన్నప్రాశన దగ్గర పడింది. చుట్టాలొచ్చేలోగా ఇల్లు బాగుచేయిద్దామని మీ తాతయ్యకు బుద్ధి పుట్టింది.

అప్పుడు వాస్తు చెప్పే చిదంబరం సిద్ధాంతి వచ్చాడు. ఇల్లంతా కలయదిరిగి, "గుమ్మం తూర్పుకు మార్చండి" అన్నాడు. మార్చారు. బయట ఏముందో ఎవరూ చూడలేదు. కొత్త తలుపు తీస్తే ఎదురుగా పక్కింటివాళ్ళ గేదె. నేను అన్నానికి కూర్చుంటే అది నా కంచంలోకే చూసేది. ముద్ద దిగితే ఒట్టు.

ఆ తర్వాత, "వాకిలి ఎత్తు చేయండి" అన్నాడు. చేశారు. నీటి వాటం ఎటో ఎవరూ చూడలేదు. వాన కురిసింది. నీళ్ళన్నీ లోపలికే వచ్చాయి. చెప్పులు వంటింట్లో తేలాయి. ఆ గోదారినంతా నేనొక్కదాన్నే చెంబుతో తోడిపోశాను, తెలుసా.

అప్పుడు మూడో మాట అన్నాడు. "ఇంటి నడుమ స్తంభమా? అది బ్రహ్మస్థానం. తీసెయ్యండి."

నేను మీ తాతయ్యను అడిగాను.

"ఏమండీ, అది దేన్ని మోస్తోందో చూశారా?"

"దుమ్మును మోస్తోంది" అంటూ రంపం పట్టుకున్నారు.

నేను వంటింట్లో పులుసుకు పోపు పెడుతున్నాను. ఫెళ్ళుమని చప్పుడు. వచ్చి చూద్దును కదా, స్తంభం మొదలు చీలి పక్కకు ఒరిగింది. దూలం కిందికి దిగుతోంది. పెంకులు జలజలా రాలుతున్నాయి. కింద ఉయ్యాల. ఉయ్యాల్లో మీ అమ్మ, నవ్వుతోంది. మీ తాతయ్య రంపంతో సహా బొమ్మైపోయారు.

అప్పుడు ఒక్క ఉరుకున పక్కనున్న భోషాణం పెట్టె ఎక్కి దూలం కింద భుజం పెట్టాను. ఒక చేత ఇల్లు, ఇంకో చేత పిల్ల.

"అమ్మమ్మా, నిన్నటి కథలో బస్తా ఎత్తానన్నావు. ఇవాళ ఇల్లా?"

"బస్తా పెళ్ళికి ముందు. ఇల్లు పెళ్ళయ్యాక. నువ్వు ఊఁ కొట్టు."

సిద్ధాంతి కొత్త గుమ్మంలోంచి పరుగెత్తి గేదె మీద పడ్డాడు. "ఏమండీ, రోలు తెండి" అన్నాను. అప్పటికి మీ తాతయ్యకు చలనం వచ్చింది. పెరట్లోని రోలు దొర్లించుకొచ్చి, దానిమీద రోకలి నిలబెట్టి, దూలానికి ఆనించారు. దూలం ఆగింది. మీ అమ్మ అప్పుడు ఏడ్చింది, నేను దించానని.

ఆ తర్వాత స్తంభం మళ్ళీ నిలబెడదామని చూస్తే, చీలిన మేర కోసేశాక పొట్టిదైపోయింది. మీ తాతయ్య నా మొహం చూశారు. నేను రోలు చూపించాను.

"ఇదంతా నిజమేనా, అమ్మమ్మా?"

"హాల్లో స్తంభం దేనిమీద నిలబడింది, బుజ్జులూ?"

"రోటి మీద."

"మరి పడుకో."

కథ పోయింది కంచికి,
మనం వచ్చాం మంచానికి,
రోలు పోయింది స్తంభానికి,
మిక్సీ వచ్చింది పచ్చడికి.